ఉత్తర శృంగాకార అరణ్యాలలో బాష్పశీల కర్బన సమ్మేళనాలు – వాతావరణ రసాయన చర్యలు

వేసవి మధ్యాహ్న వేళ పైన్ అడవిలో అడుగుపెట్టిన వారిని ముందుగా తాకేది టర్పెంటైన్ నూనెను తలపించే ఘాటైన పరిమళం. చెట్లు కిరణజన్య సంయోగక్రియ ద్వారా గ్రహించిన కర్బనంలో స్వల్పభాగాన్ని తిరిగి వాయురూపంలో గాలిలోకి విడుస్తాయి. ఆ వాయువులలో కొన్నింటిని మన ముక్కు గుర్తించగలదు, అధికభాగాన్ని గుర్తించలేదు. వీటికే బాష్పశీల కర్బన సమ్మేళనాలని పేరు. ప్రపంచంలోని వృక్షజాలమంతా కలిసి సంవత్సరానికి సుమారు 100 కోట్ల టన్నుల మేర ఈ సమ్మేళనాలను విడుదల చేస్తున్నదని అంచనా. అందులో సగం ఐసోప్రీన్ అనే ఒక్క వాయువే. దానిలో అత్యధికభాగం ఉష్ణమండల అడవుల నుండి వెలువడుతుంది. స్కాండినేవియా నుండి సైబీరియా మీదుగా అలాస్కా, కెనడాల వరకు వ్యాపించిన ఉత్తర శృంగాకార అరణ్యాల వాటా ఈ మొత్తంలో తక్కువే. అయినప్పటికీ వాతావరణ రసాయన శాస్త్రజ్ఞులు గత మూడు దశాబ్దాలుగా ఈ అడవులపై ప్రత్యేక శ్రద్ధ చూపుతున్నారు. అక్కడి గాలి చాలావరకు నిర్మలమైనది. కర్మాగారాల పొగ, వాహనాల పొగ తక్కువగా ఉన్నచోట చెట్లు విడిచే కొద్దిపాటి వాయువే గాలి గుణాన్ని, కొంతమేరకు మేఘాల గుణాన్ని కూడా నిర్ణయిస్తుంది.

ఈ విషయాన్ని మొదట శాస్త్రలోకం దృష్టికి తెచ్చిన వ్యక్తి వ్యవసాయ విద్యార్థులకు సుపరిచితుడే. ఓట్స్ మొలకల కొనలపై చేసిన ప్రయోగాల ద్వారా 1928లో ఆక్సిన్ ఉనికిని నిరూపించిన ఫ్రిట్స్ వెంట్, 1960లో ‘నేచర్’ పత్రికలో వేరొక విషయంపై వ్యాసం ప్రకటించినాడు. అడవులతో నిండిన కొండలపై వేసవిలో కనిపించే నీలిరంగు పొగమంచు వంటి తెర ఎట్లా ఏర్పడుతున్నది అన్నది ఆ వ్యాస విషయం. చెట్లు విడిచే టెర్పీన్లు గాలిలో రసాయనిక మార్పు చెంది అతి సూక్ష్మకణాలుగా మారుతున్నవని, కాంతి తరంగదైర్ఘ్యం కంటె చిన్నవైన ఆ కణాలు నీలికాంతిని అధికంగా వెదజల్లుతున్నవని ఆయన ప్రతిపాదించినాడు. అప్పటి పరికరాలతో దానిని నిరూపించడం సాధ్యపడలేదు. మొక్కల హార్మోనుపై ఆయన చేసిన కృషి పాఠ్యపుస్తకాలలో నిలిచిపోగా, ఈ రెండవ ఊహ మాత్రం చాలాకాలం మూలన పడి ఉన్నది.

సూదాకులో జరిగేది

టెర్పీన్లన్నీ ఐదు కర్బన పరమాణువుల మూల ఘటకంతో నిర్మితమైనవి. ఒక ఘటకం ఉన్నది ఐసోప్రీన్. రెండు కలిస్తే పది కర్బనాల మోనోటెర్పీన్. మూడు కలిస్తే పదిహేను కర్బనాల సెస్క్విటెర్పీన్. పైన్, స్ప్రూస్ వృక్షాలు విడిచేవాటిలో మోనోటెర్పీన్లదే ప్రధాన స్థానం. ఆల్ఫా పైనీన్, బీటా పైనీన్, డెల్టా-3-కెరీన్, లిమొనీన్, క్యాంఫీన్ వీటిలో ముఖ్యమైనవి. నిమ్మజాతి తొక్కను నలిపినప్పుడు వచ్చే వాసన లిమొనీన్దే. ఆ అణువును ఉత్తర ధ్రువ సమీపంలోని స్ప్రూస్ కూడా తయారు చేస్తున్నదన్నమాట.

చెట్టుకు వీటితో పనేమిటి? శృంగాకార వృక్షాల కాండంలోను, సూదాకులలోను రెజిన్ నాళాలు ఉంటాయి. బెరడును తొలిచే పురుగు నాళాన్ని కొరికినప్పుడు ఒత్తిడితో ఉన్న రెజిన్ బయటకు చిమ్మి పురుగును ముంచివేస్తుంది. మోనోటెర్పీన్లు ఆవిరై పోగా మిగిలిన భాగం గట్టిపడి గాయాన్ని మూసివేస్తుంది. అంటే మోనోటెర్పీన్ ఇక్కడ ద్రావణి పాత్రను, విషం పాత్రను ఏకకాలంలో నిర్వహిస్తున్నది. ఈ రక్షణకు ఒక లొసుగు కూడా ఉన్నది. స్ప్రూస్‌ను ఆశించే బెరడు పురుగు చెట్టు నుండి గ్రహించిన ఆల్ఫా పైనీన్‌ను తన శరీరంలో వెర్బినాల్‌గా మార్చి, తోటి పురుగులను పిలిచే సంకేతంగా వాడుకుంటుంది.

నాళాలలో నిల్వ ఉన్న మోనోటెర్పీన్ ఉష్ణోగ్రతను బట్టి నెమ్మదిగా బయటకు వ్యాపిస్తుంది. దీనిని వర్ణించడానికి విరివిగా వాడే సూత్రం ప్రకారం ఒక్కొక్క డిగ్రీ సెల్సియస్‌కు విడుదల సుమారు 9 శాతం చొప్పున, చక్రవడ్డీ పద్ధతిలో పెరుగుతుంది. 15 డిగ్రీల వద్ద ఉన్న కొమ్మ 25 డిగ్రీలకు చేరితే విడుదల దాదాపు రెండున్నర రెట్లవుతుంది. చాలాకాలం శృంగాకార వృక్షాలకు ఈ సూత్రం ఒక్కటే చాలునని భావించినారు. అయితే కర్బనం-13 ఐసోటోపు గల కార్బన్ డయాక్సైడును కొమ్మలకు అందించి చూసినప్పుడు, విడుదలైన మోనోటెర్పీన్లలో ఆ గుర్తు వెంటనే కనిపించింది. స్కాట్స్ పైన్‌లో సగానికి పైగా, నార్వే స్ప్రూస్‌లో మూడవ వంతు మోనోటెర్పీన్ అప్పటికప్పుడు తయారై వెలువడుతున్నదని ఈ పద్ధతిలో తేలినది. ఈ భాగం వెలుతురుపై ఆధారపడుతుంది, చీకటిపడితే ఆగిపోతుంది. అదే అడవిలో పెరిగే బిర్చ్ వృక్షానికి రెజిన్ నాళాలు లేవు కనుక అది విడిచేదంతా తాజా ఉత్పత్తియే. ఉష్ణోగ్రతను మాత్రమే లెక్కలోకి తీసుకున్న నమూనా పైన్ అడవి రాత్రి విడుదలను ఎక్కువగా, పగటి విడుదలను తక్కువగా చూపే ప్రమాదం ఇందువల్లనే కలుగుతున్నది.

హ్యూటియాలా పరిశీలనలు

ఈ రంగంలో నేడు మనకు తెలిసిన దానిలో గణనీయమైన భాగం ఒక చిన్న ప్రదేశం నుండి లభించినది. దక్షిణ ఫిన్లండ్‌లో, టాంపరే నగరానికి ఈశాన్యంగా, హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూటియాలా అటవీ క్షేత్రం ఉన్నది. 1962లో విత్తనం చల్లి పెంచిన స్కాట్స్ పైన్ తోటలో 1990ల మధ్యకాలంలో స్మియర్-2 అనే పరిశీలన కేంద్రాన్ని నెలకొల్పినారు. అటవీ శాస్త్రజ్ఞుడు పెర్ట్టి హరి, భౌతిక శాస్త్రజ్ఞుడు మార్కు కుల్మలా దీనికి మూలపురుషులు. నేల, వేరు, కాండం, ఆకు, గాలి, మేఘం అన్నింటిని ఒకేచోట, సంవత్సరాల తరబడి విరామం లేకుండా కొలవాలన్నది వారి సంకల్పం. 127 మీటర్ల ఎత్తైన స్తంభంపై వేర్వేరు ఎత్తులలో గాలి నమూనాలు తీస్తారు. మూడునాలుగేళ్ల ప్రాజెక్టులకు అలవాటుపడిన మనకు, ఒకే తోటలో పాతికేళ్లకు పైగా సాగుతున్న ఈ కొలతల విలువ ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

కొలత సులభమైనది కాదు. కొమ్మను పారదర్శకమైన పెట్టెలో బంధించి, లోపలికి పోయే గాలికి, బయటకు వచ్చే గాలికి మధ్య తేడాను చూడడం సాధారణ పద్ధతి. పెట్టె అమర్చేటప్పుడు ఒక్క సూదాకు నలిగినా రెజిన్ నాళం తెరుచుకొని కొలత అసహజంగా పెరుగుతుంది. కనుక పెట్టెను అమర్చిన తర్వాత కొమ్మ కుదుటపడే వరకు వేచి ఉండాలి. గాలిలోని సమ్మేళనాలను సెకన్ల వ్యవధిలో గుర్తించడానికి ప్రోటాన్ బదిలీ మాస్ స్పెక్ట్రోమీటర్‌ను వాడతారు. ఇది అణుభారాన్ని మాత్రమే చూస్తుంది. మోనోటెర్పీన్లన్నిటి అణుభారం 136 కావడం వల్ల ఆల్ఫా పైనీన్‌కు, కెరీన్‌కు దీనికి తేడా తెలియదు. వాటిని విడదీయాలంటే నమూనాను పట్టి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ గుండా పంపవలసిందే.

ఈ విడదీత అవసరమేమిటో హ్యూటియాలా తోటలోనే బయటపడినది. పక్కపక్కనే ఉన్న, ఒకే వయసు గల, ఒకే నేలలో పెరిగిన పైన్ చెట్లలో కొన్ని ప్రధానంగా పైనీన్‌ను, కొన్ని ప్రధానంగా కెరీన్‌ను విడుస్తున్నవి. ఇది వాతావరణం వల్ల కలిగిన తేడా కాదు, వంశపారంపర్య లక్షణం. వంగడాల మధ్య వాసనలో, రుచిలో ఉండే తేడాలు తెలిసిన వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఇందులో ఆశ్చర్యం లేకపోవచ్చు. కాని వాతావరణ నమూనాలు జాతికి ఒక్క సగటు విలువను కేటాయించి లెక్కిస్తాయి. ఆ సగటు ఏ రెండుమూడు చెట్ల కొలతలపై ఆధారపడినదో, ఆ చెట్లు ఏ రకానివో అన్న ప్రశ్న అప్పటి నుండి తప్పనిసరి అయినది.

ఋతుక్రమంలోను కొన్ని అనూహ్యాలు కనిపించినవి. వేసవిలో విడుదల గరిష్ఠంగా ఉండడం సహజమే. అయితే మంచు కరిగే తొలి వసంతంలో, కిరణజన్య సంయోగక్రియ శీతాకాలపు నిద్ర నుండి కోలుకొంటున్న రోజులలో, చలిగా ఉన్నప్పటికీ హఠాత్తుగా విడుదల ఎగసిపడుతుంది. ఆ తర్వాత విచ్చుకొనే మొగ్గలు, లేత రెమ్మలు ముదురు ఆకుల కంటె ఎన్నో రెట్లు అధికంగా విడుస్తాయి. నేలపై కుళ్లుతున్న రాలిన ఆకులు కూడా వసంత, శరదృతువులలో గణనీయమైన వనరే.

మరొక విషయం తొలిచూపులో వింతగా తోస్తుంది. విడుదల మధ్యాహ్నం అధికం. కాని అడవి గాలిలో మోనోటెర్పీన్ గాఢత రాత్రివేళ అధికం. పగలు ఎండకు వేడెక్కిన నేల గాలిని ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తువరకు కలియబెడుతుంది. రాత్రి ఆ కలయిక ఆగిపోయి, విడుదలైన కొద్దిపాటి వాయువు నేలకు సమీపంలోని పలుచని పొరలో చిక్కుకుపోతుంది. పైగా పగటివేళ దానిని హరించే హైడ్రాక్సిల్ ప్రాతిపదిక రాత్రి ఉండదు. గాఢతను చూసి విడుదలను ఊహించడం ఎంత ప్రమాదకరమో దీనివల్ల గ్రహించవచ్చు.

గాలిలో జరిగేది

మోనోటెర్పీన్ అణువులో ద్విబంధం ఉండడం వల్ల అది గాలిలో ఎక్కువసేపు నిలువదు. పగలు హైడ్రాక్సిల్ ప్రాతిపదిక, రాత్రి నైట్రేట్ ప్రాతిపదిక, రేయింబవళ్లు ఓజోన్ దానిపై దాడి చేస్తాయి. ఆల్ఫా పైనీన్ ఓజోన్ చేతిలో నాలుగైదు గంటలు నిలుస్తుంది. సెస్క్విటెర్పీన్ అయిన బీటా కేరియోఫిల్లీన్ అదే ఓజోన్ ఎదుట రెండు నిమిషాలు కూడా ఆగదు. ఆకు నుండి బయటపడి చెట్టు కొన దాటేలోపే దానిలో చాలాభాగం మాయమవుతుంది. స్తంభంపై అమర్చిన పరికరానికి అది అందకపోవడంలో వింత లేదు.

ఓజోన్ ద్విబంధాన్ని తెంచిన తర్వాత జరిగేది చాలాకాలం అంతుచిక్కలేదు. పాత రసాయన శాస్త్రం ప్రకారం ఏర్పడవలసిన ఆల్డిహైడ్లు, ఆమ్లాలు అంత తేలికగా కణాలుగా ఘనీభవించవు. అడవిలో మాత్రం కణాలు గంటల్లో పెరుగుతున్నవి. ఈ చిక్కు 2014లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధనతో చాలావరకు విడిపోయినది. ద్విబంధం తెగినప్పుడు ఏర్పడిన ప్రాతిపదికకు గాలిలోని ఆక్సిజన్ తగులుకొని పెరాక్సీ ప్రాతిపదిక ఏర్పడుతుంది. అది తన అణువులోనే మరొక కర్బనం నుండి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఖాళీ అయిన ఆ కర్బనానికి మరొక ఆక్సిజన్ అణువు అంటుకొంటుంది. మళ్లీ హైడ్రోజన్ లాగుడు, మళ్లీ ఆక్సిజన్ చేరిక. సెకన్ల వ్యవధిలో పది కర్బనాల అణువుకు ఏడు, తొమ్మిది, అంతకుమించిన ఆక్సిజన్ పరమాణువులు చేరుతాయి. దీనిని స్వయం ఆక్సీకరణం అంటారు. నిల్వ ఉన్న వేరుశనగ నూనె ముక్కవాసన పట్టడానికి కారణమైన గొలుసు చర్య ఇదే జాతికి చెందినది. సీసాలో వారాల తరబడి సాగే చర్య అడవి గాలిలో క్షణాలలో ముగుస్తుందని ఎవరూ ఊహించలేదు. ఇట్లా ఆక్సిజన్‌తో బరువెక్కిన అణువు ఇక ఆవిరిగా ఉండలేదు. తగిలిన ఉపరితలానికి అంటుకొని అక్కడే ఉండిపోతుంది. ఆల్ఫా పైనీన్, ఓజోన్ల చర్యలో సుమారు 7 శాతం అణువులు ఈ దారి పడతాయి.

ఇక్కడ అణు నిర్మాణంలోని చిన్న తేడా పెద్ద ఫలితాన్నిస్తుంది. ఆల్ఫా పైనీన్‌లో ద్విబంధం వలయం లోపల ఉన్నది. అది తెగితే వలయం తెరుచుకొంటుందే గాని కర్బనాలు విడిపోవు. బీటా పైనీన్‌లో ద్విబంధం వలయం వెలుపల ఉన్నది. అది తెగితే ఒక కర్బనం ఫార్మాల్డిహైడ్‌గా ఊడిపోతుంది, మిగిలిన వలయం బిగుసుకొనే ఉండడం వల్ల గొలుసు చర్య సాగదు. రాత్రివేళ నైట్రేట్ ప్రాతిపదికతో జరిగే చర్యలోనైతే వరుస మారుతుంది: ఆల్ఫా పైనీన్ నుండి కణపదార్థం బహు స్వల్పంగా ఏర్పడగా, కెరీన్ నుండి అధికంగా ఏర్పడుతుంది. తోటలో ఏ చెట్టు ఏ రకమన్నది కేవలం వృక్షశాస్త్ర ఆసక్తికి సంబంధించిన విషయం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

హ్యూటియాలాలో వసంతకాలపు ఉదయాలలో, ఎండకాచిన రోజున, ఒకటి రెండు నానోమీటర్ల కణాలు ఒక్కసారిగా వేలసంఖ్యలో పుట్టుకొస్తాయి. గంటకు కొద్ది నానోమీటర్ల చొప్పున పెరిగి, మరునాటికి 50 నుండి 100 నానోమీటర్లకు చేరుతాయి. ఆ పరిమాణంలో అవి నీటి ఆవిరి సంఘనన చెందడానికి ఆధారమై మేఘబిందువులకు బీజాలవుతాయి. కణం వ్యాసం 1 నుండి 100 నానోమీటర్లకు పెరగడమంటే దాని ఘనపరిమాణం పది లక్షల రెట్లు కావడమే. ఆ పదార్థంలో అధికభాగాన్ని సమకూర్చేది టెర్పీన్ల ఆక్సీకరణమే. తొలి గుచ్ఛం ఏర్పడడానికి మాత్రం సల్ఫ్యూరిక్ ఆమ్లం, దానికి తోడుగా అమ్మోనియా వంటి క్షారాలు అవసరమని భావించేవారు. సెర్న్ సంస్థలోని క్లౌడ్ అనే ప్రయోగపాత్రలో జరిపిన పరీక్షలు ఈ అభిప్రాయాన్ని సవరించినవి. సల్ఫ్యూరిక్ ఆమ్లం లేకుండానే, ఆల్ఫా పైనీన్ నుండి ఏర్పడిన అణువులు మాత్రమే కణాలుగా గుమికూడగలవని, విశ్వకిరణాల వల్ల ఏర్పడే అయానులు దీనిని వేగవంతం చేస్తాయని 2016లో వెల్లడైనది. బొగ్గు దహనం మొదలుకాక పూర్వపు ఆకాశంలో మేఘాలెట్లా ఉండేవన్న ప్రశ్నకు ఇది ముఖ్యమైన ఆధారం.

గాలి అడవిపై ఎంత ఎక్కువసేపు ప్రయాణిస్తే దానిలో కణపదార్థం అంత పెరుగుతుందని నార్డిక్ దేశాల కేంద్రాల సమాచారం ఆధారంగా 2006లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించినారు. ఆ లెక్క ప్రకారం ఈ అడవులు ఒక్కొక్క ఘన సెంటీమీటరు గాలికి 1000 నుండి 2000 కణాలను నిలబెట్టగలవు. మేఘంలో నీరు అంతే ఉండి బిందువుల సంఖ్య పెరిగితే మేఘం మరింత తెల్లనై సూర్యకాంతిని ఎక్కువగా తిప్పి పంపుతుంది. దీనినుండి ఒక ఆశ పుట్టినది: భూమి వేడెక్కితే చెట్లు ఎక్కువ టెర్పీన్ విడుస్తాయి, కణాలు పెరుగుతాయి, మేఘాలు తెల్లబడి భూమి చల్లబడుతుంది. పైగా కణాలు వెదజల్లిన కాంతి నీడలోని ఆకులకు కూడా చేరి కిరణజన్య సంయోగక్రియను పెంచుతుంది. ఈ ప్రతిచర్య వాస్తవమే. కాని కొలతల ఆధారంగా గణించినప్పుడు ప్రపంచం మొత్తం మీద దీని ప్రభావం డిగ్రీకి చదరపు మీటరుకు 0.01 వాట్ పరిధిలోనే ఉన్నది. మానవులు విడిచే కార్బన్ డయాక్సైడు కలిగించే తాపం ఎదుట అది లెక్కకు రానంత స్వల్పం. పైగా మంచు కప్పిన బయలు కంటె ముదురు రంగు శృంగాకార అడవి ఎక్కువ ఎండను పీల్చుకొంటుంది. కాబట్టి అడవి తనను తాను చల్లబరచుకొంటుందన్న మాటను నినాదంగా వాడుకొనేవారి పట్ల జాగ్రత్త అవసరం.

లెక్కకు అందని భాగం ఇంకా మిగిలియున్నది. అడవి గాలిలో హైడ్రాక్సిల్ ప్రాతిపదిక ఎంత వేగంగా ఖర్చవుతున్నదో నేరుగా కొలిచి, తెలిసిన సమ్మేళనాలన్నీ కలిసి ఎంత ఖర్చు చేయగలవో దానితో పోల్చవచ్చు. ఇప్పుడు మొహాలీలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో పనిచేస్తున్న వినాయక్ సిన్హా, సహచరులతో కలిసి 2008 వేసవిలో హ్యూటియాలాలో ఈ కొలత జరిపినారు. ఖర్చులో దాదాపు సగానికి పద్దు దొరకలేదు. చెట్లు విడిచేవి, వాటి నుండి గాలిలో ఏర్పడేవి ఇంకెన్నో ఉన్నవనడానికి ఇది సూచన.

టెర్పీన్ల పాత్ర గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లను బట్టి పూర్తిగా మారిపోతుంది. అవి తక్కువగా ఉన్న ఉత్తర అడవిలో స్వయం ఆక్సీకరణం సాగి కణాలేర్పడతాయి. వాహనాల పొగ కలిసినచోట నైట్రిక్ ఆక్సైడు పెరాక్సీ ప్రాతిపదికను మధ్యలోనే అడ్డుకొని, ఆ క్రమంలో ఓజోన్ ఏర్పడటానికి దారితీస్తుంది. 1980 ప్రాంతంలో రొనాల్డ్ రీగన్ కాలుష్యానికి చెట్లే ప్రధాన కారణమన్న అర్థంలో మాట్లాడి పరిహాసం పాలైనారు. చెట్లు హైడ్రోకార్బన్లను విడుస్తాయన్నది నిజమే; ఓజోన్ తయారీకి కావలసిన రెండవ ముడిసరుకు పొగగొట్టాల నుండి వస్తుందన్నది ఆయన విస్మరించిన విషయం. తెలుగు రాష్ట్రాలకు ఇందులో ఒక ప్రత్యక్ష సంబంధమున్నది. మన జిల్లాలలో వేగంగా విస్తరిస్తున్న ఆయిల్ పామ్ ఐసోప్రీన్‌ను అత్యధికంగా విడిచే పంటలలో ఒకటి. బోర్నియోలో సహజారణ్యం కంటె ఆయిల్ పామ్ తోట ఎన్నో రెట్లు అధికంగా ఐసోప్రీన్ విడుస్తున్నదని, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగనిస్తే ఓజోన్ హానికర స్థాయికి చేరగలదని 2009లో హెచ్చరించినారు. వరి, గోధుమ ఓజోన్‌కు దిగుబడిలో నష్టపోయే పంటలే. తోటల సమీపంలో రహదారులు, విద్యుత్ కేంద్రాలు ఉన్నచోట ఓజోన్‌ను కొలిచి చూడడం మన క్షేత్రాలలో చేపట్టదగిన పని.

ఐసోప్రీన్‌కు మరొక గుణమున్నది. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో ఉత్తరప్రాంతపు వృక్షాలను గాజుగదిలో ఉంచి, వాటి గాలికి ఐసోప్రీన్ చేర్చినప్పుడు కొత్త కణాల పుట్టుక తగ్గిపోయినది. హైడ్రాక్సిల్‌ను ఐసోప్రీన్ ముందుగా వాడుకోవడం ఇందుకు ఒక కారణం. అడవిలో ఏ జాతి చెట్టు పెరుగుతున్నదన్న ప్రశ్న ఇక్కడికి వచ్చి చేరుతుంది. నరికివేత జరిగిన అడవిలో తాజా మొద్దుల నుండి, పడివున్న కొమ్మల నుండి తొలిరోజులలో వెలువడే మోనోటెర్పీన్ నిలిచివున్న అడవి విడిచేదానికంటె చాలా అధికం. బెరడు పురుగు సోకిన స్ప్రూస్ కాండం కూడా ఆరోగ్యవంతమైన కాండం కంటె ఎన్నో రెట్లు విడుస్తుంది. మధ్య యూరపులోను, దక్షిణ స్వీడన్‌లోను 2018 నాటి కరవు వేసవి అనంతరం ఈ పురుగు స్ప్రూస్ తోటలను పెద్దయెత్తున చంపినది. వాతావరణ నమూనాలలో అధికభాగం నేటికీ ఆరోగ్యవంతమైన ఆకుల విడుదలనే లెక్కిస్తున్నవి. గాయపడిన బెరడుకు, పురుగు తొలిచిన కాండానికి వాటిలో ఇంకా చోటు దొరకలేదు.